రిఫండ్‌ను కాదు, తగ్గిన ఖర్చును పంచుకోవాలి

సంపాదకుడికి,

అయ్యా,

పండగ సేల్స్ అయిపోయిన పదిహేను ఇరవై రోజులకు వాపసుల సీజన్ మొదలవుతుంది. కంపెనీ డబ్బు వెనక్కి ఇవ్వకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలో పత్రికల్లో తరచూ చదువుతున్నాం. ఆ డబ్బు వచ్చేశాక, నలుగురు కలిసి కొన్న వస్తువైతే అందులో ఎవరికెంత అన్నది చెప్పేవాళ్లు మాత్రం కనబడరు. నిజానికి కంపెనీతో పేచీ నాలుగు ఫోన్లతో తేలుతుంది. అక్కాతమ్ముళ్ల మధ్య, ఒకే గదిలో అద్దెకుండే కుర్రాళ్ల మధ్య, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మిగిలిపోయిన లెక్క ఏడాది తిరిగినా తెగదు.

ఇలాంటి లెక్కలు రాసేవాళ్లకు ఈ తగాదాలన్నీ ఒకే చోట పుడతాయని తెలుసు. రిఫండ్‌ను చేతికి కొత్తగా వచ్చిన సొమ్ములా చూసి పంపకానికి దిగుతారు. అది ఎవరి రాబడీ కాదు. కొన్న సరుకు ఖర్చు ఆ మేరకు తగ్గింది, అంతే. కాబట్టి తగ్గిన ఖర్చును మొదటి నుంచి మళ్లీ పంచి, ఎవరి చేతి నుంచి నికరంగా ఎంత పోయిందో దాంతో పోల్చాలి. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

ఒక్కొక్కరికీ కావలసినవి రెండే అంకెలు. మొదటిది వాటా: రిఫండ్ పోగా మిగిలిన ఖర్చులో ఆ మనిషి భరించాల్సింది. రెండోది నికరంగా పోయింది: దుకాణానికి కట్టింది, తోటివాళ్లకు పంపింది కలిపి, అందులోంచి తోటివాళ్ల నుంచి వచ్చిందీ రిఫండ్‌గా వచ్చిందీ తీసేయాలి. నికరంగా పోయింది వాటా కంటే ఎక్కువైతే ఆ తేడా అతనికి రావాలి, తక్కువైతే అతను ఇవ్వాలి. అందరికీ రావలసినవి ఒకవైపు, ఇవ్వాల్సినవి ఒకవైపు కూడితే రెండూ సమానం కావాలి. రూపాయి తేడా వచ్చినా ఎక్కడో ఒక పద్దు తప్పిపోయినట్టే. అది దొరికేదాకా ఎవరూ ఎవరికీ డబ్బు పంపకూడదు.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు అన్న, అక్క, తమ్ముడు కలిసి వస్తువులు కొన్నారనుకుందాం. ఫ్రిజ్ 24,000, వాషింగ్ మెషిన్ 18,000, వెట్ గ్రైండర్ 6,000. మొత్తం 48,000. బిల్లు 40,000 దాటితే 4,000 తగ్గింపు అన్న ఆఫర్ పోగా 44,000, డెలివరీకి 400. అన్న తన క్రెడిట్ కార్డు మీద 44,400 కట్టాడు. తలా 14,800 అనుకున్నారు. అక్క 14,800 అన్నకు పంపేసింది. తమ్ముడు 10,000 పంపి, మిగతా 4,800 జీతం పడ్డాక ఇస్తానన్నాడు. వాషింగ్ మెషిన్ సొట్టపడి వచ్చింది, వెనక్కి పంపారు. అన్న కార్డులో 16,500 జమ అయింది.

ఇక్కడే మొదటి గొడవ. 18,000 వస్తువుకు 16,500 వచ్చిందేమిటి, 1,500 ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు. 48,000 మీద 4,000 తగ్గింపు అంటే పన్నెండో వంతు. అది ఒక్కో వస్తువు మీద ధర ప్రకారం సర్దబడుతుంది: ఫ్రిజ్ మీద 2,000, మెషిన్ మీద 1,500, గ్రైండర్ మీద 500. మెషిన్‌కు నిజంగా కట్టింది 16,500, తిరిగి వచ్చిందీ అంతే. ఆర్డర్ పేజీలో కనబడే ధర చూసి లెక్క కట్టకండి. డౌన్‌లోడ్ చేసుకున్న ఇన్‌వాయిస్‌లో ఒక్కో వస్తువుకు తగ్గింపు పోగా పడిన మొత్తం విడిగా ఉంటుంది, అదే ప్రమాణం.

ఇప్పుడు లెక్క. మిగిలిన ఖర్చు 44,400 లోంచి 16,500 పోగా 27,900. తలా 9,300.

అన్న: కట్టింది 44,400. అక్క నుంచి వచ్చింది 14,800, తమ్ముడి నుంచి 10,000, రిఫండ్ 16,500. నికరంగా పోయింది 3,100. వాటా 9,300. ఇవ్వాల్సింది 6,200.

అక్క: నికరంగా పోయింది 14,800. వాటా 9,300. రావలసింది 5,500.

తమ్ముడు: నికరంగా పోయింది 10,000. వాటా 9,300. రావలసింది 700.

ఇవ్వాల్సింది 6,200, రావలసింది 5,500 ప్లస్ 700. సరిపోయింది. అన్న రెండు సార్లు ఫోన్ తీసి అక్కకు 5,500, తమ్ముడికి 700 పంపితే చెల్లు. నిన్నటిదాకా 4,800 బాకీ ఉన్న తమ్ముడికి ఈరోజు ఎదురు డబ్బు ఇవ్వాల్సి రావడం చాలామందికి మింగుడుపడదు. కానీ అతని వాటా 14,800 నుంచి 9,300కు దిగింది, అతను అప్పటికే 10,000 ఇచ్చి ఉన్నాడు. ఇందులో దయాదాక్షిణ్యాలేమీ లేవు.

ఎక్కువమంది చేసే తప్పు కూడా ఇదే ఉదాహరణలో చూడవచ్చు. అన్న ఏమంటాడంటే, ‘తమ్ముడు నాకు 4,800 బాకీ. వచ్చిన 16,500లోంచి ముందు అది మినహాయించుకుంటాను, మిగిలిన 11,700ను తలా 3,900 పంచుకుందాం.’ వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఉమ్మడి సొమ్ములోంచి తమ్ముడి బాకీ తీర్చితే, అందులో అక్క వాటా కూడా పోయినట్టే. అలా చేస్తే చివరికి అన్న, అక్క చెరి 10,900 భరిస్తారు, తమ్ముడు 6,100తో బయటపడతాడు. అన్న తనకు తానే నష్టం తెచ్చుకుని, అక్కనూ అందులోకి లాగాడు. సొంత బాకీని ఆ మనిషి వాటాలోంచి తీయాలి కానీ ఉమ్మడి మొత్తంలోంచి తీయకూడదు. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అన్నారు కదా. ఈ పద్ధతిలో పేకాట ఓడేది మాత్రం అక్క.

ఖర్చును ఒక నిష్పత్తిలో వేసుకుని రిఫండ్‌ను సమానంగా పంచడం రెండో తప్పు. అన్న సగం, మిగతా ఇద్దరు చెరి పావు అని ముందే అనుకుని ఉంటే, 16,500లో అన్నది 8,250, మిగతా ఇద్దరివి చెరి 4,125. ‘వచ్చింది కదా, తలా 5,500 తీసుకుందాం’ అంటే అన్న 2,750 పోగొట్టుకుంటాడు. ఖర్చు ఏ నిష్పత్తిలో మోశారో, వాపసూ అదే నిష్పత్తిలో. ఖర్చును మళ్లీ పంచే పద్ధతిలో ఈ తప్పు జరిగే వీలే లేదు, అందుకే దాన్ని పట్టుకోమనడం.

వస్తువులు ఉమ్మడివి కాక, ఆఫర్ కోసం మాత్రమే ఒకే ఆర్డర్‌లో వేసుకున్నప్పుడు సంగతి మారుతుంది. ఫ్రిజ్ అన్నకు, మెషిన్ అక్కకు, గ్రైండర్ తమ్ముడికి అనుకోండి. తగ్గింపు పోగా ఎవరి వస్తువు వాళ్లది: 22,000, 16,500, 5,500. డెలివరీ 400ను కూడా వస్తువు ధర ప్రకారం వేస్తే 200, 150, 50. ఇప్పుడు మెషిన్ రిఫండ్ 16,500 మొత్తం అక్కదే, మిగతావాళ్లకు అందులో పైసా సంబంధం లేదు. డెలివరీ 150 వెనక్కి రాకపోతే అది అక్క ఖర్చు. లోపం ఉన్న సరుకు పంపింది అమ్మకందారు కాబట్టి, ఆ 150 వాళ్లను అడగాలి గానీ అన్ననూ తమ్ముణ్నీ కాదు.

చిక్కు ఎక్కడంటే, మెషిన్ పోయాక మిగిలిన బిల్లు 30,000. ఆఫర్‌కు కావలసింది 40,000. కొందరు అమ్మకందారులు ఇన్‌వాయిస్ ప్రకారం 16,500 ఇచ్చేస్తారు. కొందరు ‘ఆఫర్ అర్హత పోయింది’ అని 4,000 తగ్గింపునూ వెనక్కి లాక్కుని 14,000 మాత్రమే ఇస్తారు. ఆ 2,500 తేడా ఎవరిది? ఆఫర్ షరతుల్లో దీనికి జవాబు ఉండదు, కొన్నవాళ్లే తేల్చుకోవాలి. న్యాయమైన దారి వాపసు కారణాన్ని బట్టి ఉంటుంది. మెషిన్ సొట్టపడి వస్తే అది అక్క తప్పు కాదు. అన్న 2,000, తమ్ముడు 500 తమ తమ తగ్గింపును వదులుకోవాలి. విడిగా కొనుక్కుని ఉంటే వాళ్లకు ఆ ధరే పడేది. అక్కకు 16,500 పూర్తిగా దక్కాలి. అలాకాక రంగు నచ్చలేదనో, ఇంకోచోట చవగ్గా దొరికిందనో అక్క వెనక్కి పంపితే ఆ 2,500 అక్కే భరించాలి, తీసుకెళ్లడానికి వసూలు చేసే పికప్ చార్జీ ఉంటే అదీ ఆమెదే. కలిసి ఆర్డర్ పెట్టే ముందే ఈ మాట గ్రూపులో ఒక్క లైన్ రాసుకుంటే తర్వాత ముఖాలు మాడ్చుకోవాల్సిన పని ఉండదు.

వెంటనే బిల్లులో తగ్గే డిస్కౌంట్ వేరు, రెండు మూడు నెలల తర్వాత కార్డులో పడే క్యాష్‌బ్యాక్ వేరు. క్యాష్‌బ్యాక్ వస్తుందని మాట ఇచ్చినంత మాత్రాన దాన్ని లెక్కలోకి తీసుకోకండి. సరుకు వెనక్కి పోతే అది అసలే రాకపోవచ్చు, పడినా మళ్లీ వెనక్కి తీసేసుకోవచ్చు. పడిన రోజున కార్డుదారు దాన్ని కొత్త పద్దుగా రాసి, మళ్లీ ఖర్చు తగ్గించి, తేడా పంపాలి. రివార్డ్ పాయింట్లు మాత్రం కార్డుదారుకే వదిలేయడం మంచిది. అందరి డబ్బూ వసూలయ్యేదాకా బిల్లు బరువు మోసింది అతనే.

‘డబ్బు నా కార్డులో పడింది, నగదుగా రాలేదు, ఎలా ఇవ్వను?’ అనేది తరచూ వినబడే మాట. నియమాలు తెలిస్తే దీనికి చోటు లేదు. క్రెడిట్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంక్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, గడువు తేదీకి ముందు, బిల్లు ఇంకా కట్టకముందే రిఫండ్ వస్తే బ్యాంకు దాన్ని వెంటనే కట్టాల్సిన మొత్తంలో సర్దాలి. అంటే కార్డుదారు జేబులోంచి పోవాల్సిన డబ్బు ఆ మేరకు ఆగింది, అది నగదు వచ్చినట్టే. బిల్లు అప్పటికే కట్టేసి ఉంటే, వచ్చిన మొత్తం క్రెడిట్ పరిమితిలో 1 శాతం, 5,000 రూపాయలు, ఈ రెంటిలో ఏది తక్కువో దాన్ని మించినప్పుడు, కార్డులోనే సర్దడానికి బ్యాంకు కార్డుదారు సమ్మతి అడగాలి. జవాబు రాకపోతే బ్యాంకు ఖాతాకు పంపాలి. మొత్తం ఎంతైనా సరే, ‘నా ఖాతాలో వేయండి’ అని కార్డుదారు కోరితే 3 పనిదినాల్లో వేయాలి. కాబట్టి కార్డులో పడింది అన్నది డబ్బు అట్టిపెట్టుకోవడానికి కారణం కాదు.

స్టోర్ క్రెడిట్, వాలెట్, గిఫ్ట్ కార్డు సంగతి వేరు. గిఫ్ట్ కార్డుతో కట్టిన భాగం సాధారణంగా గిఫ్ట్ కార్డుకే పోతుంది, అది ముందే తెలిసిన విషయం. అలాకాక, బ్యాంకు ఖాతాకు తీసుకునే వీలున్నా త్వరగా వస్తుందని వాలెట్‌ను ఎంచుకున్నవాళ్లు మిగతావాళ్లకు నగదే ఇవ్వాలి. మిగతావాళ్లను అడగకుండా ఒకరు చేసుకున్న ఎంపిక వల్ల ఇంకొకరి డబ్బు వాలెట్‌లో ఇరుక్కుని కూర్చోనక్కర్లేదు.

వాయిదాల మీద కొన్నప్పుడు మరో మెలిక ఉంది. నో కాస్ట్ ఈఎంఐలో, అంటే అదనపు వడ్డీ భారం లేదని చెప్పి ఇచ్చే నెలవారీ వాయిదాల్లో, వడ్డీకి సమానమైన తగ్గింపు ముందే ధరలో ఇచ్చేస్తారు, కానీ బ్యాంకు నెలనెలా వేసే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ మాత్రం కార్డుదారుకే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉందనుకుంటే జీఎస్టీతో 234.82. సరుకు వెనక్కి పోయినా ఈ ఫీజు తిరిగి రావడం అరుదు. పైగా రిఫండ్ కార్డులో జమ అయినంత మాత్రాన ఈఎంఐ దానంతట అది ఆగుతుందని అనుకోకూడదు. బ్యాంకుకు ఫోన్ చేసి ఈఎంఐ రద్దు చేయించాలి. లేకపోతే జమ ఒకపక్క ఉంటూనే వాయిదాలు ఇంకోపక్క నడుస్తుంటాయి, వాటి మీద వడ్డీ, జీఎస్టీ పెరుగుతుంటాయి. ఈఎంఐ అందరూ ఒప్పుకుని పెట్టిందైతే తిరిగిరాని ఫీజు, వడ్డీ, జీఎస్టీ ఉమ్మడి ఖర్చులో కలపాలి. కార్డుదారు తన వీలు కోసం ఈఎంఐగా మార్చుకుంటే అవన్నీ అతనివే. రద్దు చేయించకుండా ఊరుకున్నందుకు పడిన వడ్డీ ఎటుచూసినా అతనిదే.

వస్తువు వెనక్కి తీసుకోకుండా, ‘సొట్టతోనే ఉంచుకోండి, 2,000 తిరిగి ఇస్తాం’ అనే బేరాలూ వస్తాయి. ఉమ్మడి వస్తువైతే ఖర్చు 2,000 తగ్గిందని రాసుకోవడమే. ఒకరి వస్తువైతే ఆ 2,000 ఆ ఒకరిదే. సొట్ట చూస్తూ బతకాల్సింది ఆ మనిషే కదా. ఇలాంటి బేరానికి కార్డుదారు ఒక్కడే ఫోన్‌లో సరేననకూడదు, వస్తువు వాడేవాళ్లను అడిగి చెప్పాలి.

ఇద్దరు దుకాణదారులు కలిసి వస్తువు కొన్నప్పుడు జీఎస్టీ లెక్క తప్పడం మామూలు. ఒక స్టెబిలైజర్ 10,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,800, బిల్లు 11,800 ఒకరి జీఎస్టీ నంబరు మీద తీశారు. ఆ ఒకరు 1,800ను ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా, అంటే తను ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్టీలోంచి మినహాయింపుగా, వాడుకుంటే, అతనికి నిజంగా పడింది 10,000. రెండోవాడి వాటా 5,000 అవుతుంది, 5,900 కాదు. సరుకు వెనక్కి పోతే అమ్మకందారు సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్ కింద క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గిందని తెలిపే పత్రం) ఇస్తాడు, కొన్నవాడు ఆ 1,800 క్రెడిట్‌ను వెనక్కి తిప్పాలి. ఖాతాలో పడిన 11,800 చూసి రెండోవాడు 5,900 అడిగితే పొరపాటే. అతను ఇచ్చిన 5,000 అతనికి పోతే లెక్క సరి. ముందు 5,900 ఇచ్చి ఉంటే మాత్రం 5,900 అడగడం న్యాయమే. అతను నికరంగా ఎంత ఇచ్చాడో చూడమన్నది అందుకే.

అపార్ట్‌మెంట్లలో ఇంకో రకం చిక్కు. పది ఫ్లాట్లు, సీసీ కెమెరాలకు 60,000, ఫ్లాటుకు 6,000. ఎనిమిది ఫ్లాట్లు 48,000 కట్టాయి, రెండు కట్టలేదు. తక్కువపడిన 12,000ను సంఘం నిధిలోంచి సర్ది కెమెరాలు పెట్టించారు. తర్వాత కొన్ని కెమెరాలు పనిచేయక వెనక్కి పంపితే 15,000 తిరిగి వచ్చింది. ‘పది ఫ్లాట్లు, తలా 1,500’ అని కార్యదర్శి పది చోట్లకూ పంపేస్తే, రూపాయి కట్టని ఇద్దరికి ఎదురు డబ్బు ఇచ్చినట్టు. ‘కట్టింది ఎనిమిదే కాబట్టి తలా 1,875’ అంటే సంఘం నిధి నష్టపోతుంది. ఖర్చు ఇప్పుడు 45,000, ఫ్లాటుకు 4,500. కట్టిన ఎనిమిదింటికీ తలా 1,500, అంటే 12,000. మిగిలిన 3,000 నిధికి. కట్టని రెండు ఫ్లాట్ల బాకీ చెరి 6,000 నుంచి 4,500కు తగ్గింది. అవి వచ్చినప్పుడు 9,000, ముందు వేసిన 3,000తో కలిపి నిధికి దాని 12,000 పూర్తిగా చేరుతుంది. సంఘం నిధిని కూడా ఒక మనిషిలా, పదకొండో పేరుగా పట్టికలో రాసుకుంటే ఈ తప్పు దొర్లదు.

అద్దెకున్నవాళ్లు కట్టారా, యజమాని కట్టాడా అన్నది కూడా చూడాలి. డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిప్పి పంపడం క్షేమం. కట్టిన తర్వాత ఫ్లాట్ అమ్ముడుపోయినా, అమ్మకం ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఆ డబ్బు పాత యజమానిదే. ‘వచ్చే నెల మెయింటెనెన్స్‌లో సర్దేస్తాం’ అనడం సులువే, కానీ నోటీసు బోర్డు మీద ఏ ఫ్లాటుకు ఎంత సర్దారో రాసి పెట్టాలి. లేకపోతే ఆరునెలల తర్వాత కొత్త కార్యదర్శికి తలనొప్పి.

యాత్రల సంగతి క్లుప్తంగా. రైలు టికెట్ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నా రద్దు చార్జీ తలకింత అని పడుతుంది కాబట్టి అది రద్దు చేసుకున్న మనిషి ఖర్చు. డబ్బు మాత్రం బుక్ చేసినప్పుడు కట్టిన ఖాతాకే తిరిగి వెళ్తుంది, కన్వీనియన్స్ ఫీజు తిరిగి రాదు. బస అద్దె వేరు. అరకులో ఇల్లు మొత్తంగా తీసుకుంటే ఒకడు మానుకున్నా అద్దె తగ్గదు. మానుకున్నవాడి వాటా మిగతావాళ్ల మీద వేయాలా, అతనే భరించాలా అన్నది ముందే అనుకోవాలి. అనుకోకపోతే, బుక్ చేసే నాటికి వస్తానన్నవాడు తన వాటా భరించడమే సబబు. ఇంటివాళ్లే రద్దు చేసి కొంత తిరిగి ఇస్తే అది అందరిదీ.

ఐదారుగురు ఒకరికొకరు ఇచ్చుకోవాల్సి వచ్చినప్పుడు ఎవరెవరు ఎవరికి అన్న గజిబిజి అక్కర్లేదు. తేడాలు తేలాక, మొదటివాడికి 3,200, రెండోవాడికి 1,100 రావాలి, మూడోవాడు 2,000, నాలుగోవాడు 1,500, ఐదోవాడు 800 ఇవ్వాలి అనుకుందాం. ఎక్కువ ఇవ్వాల్సినవాణ్ని ఎక్కువ రావలసినవాడితో కలపండి. మూడోవాడు మొదటివాడికి 2,000 ఇచ్చేస్తాడు. నాలుగోవాడు మొదటివాడికే 1,200 ఇచ్చి, మిగిలిన 300 రెండోవాడికి ఇస్తాడు. ఐదోవాడు 800 రెండోవాడికి ఇస్తాడు. నాలుగు చెల్లింపులతో అందరిదీ తేలిపోయింది. ఎంతమంది ఉన్నా, వాళ్ల సంఖ్యకు ఒకటి తక్కువ చెల్లింపులు సరిపోతాయి. ‘నువ్వు అతనికి ఎందుకిస్తావ్, నీ బాకీ నాకు కదా’ అని ఎవరైనా అంటే పట్టిక చూపించండి.

డబ్బు నిజంగా ఖాతాలో పడేదాకా ఈ లెక్క తెరవొద్దు. ‘రిఫండ్ ప్రాసెస్ అయింది’ అన్న మెసేజ్ డబ్బు కాదు. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, కార్డు అయితే ఆ లావాదేవీని బ్యాంకులు గుర్తుపట్టే ఏఆర్ఎన్ అనే నంబరు అమ్మకందారును అడిగి తీసుకోండి. అది ఇస్తే బ్యాంకులో వెతికించవచ్చు, అది కూడా ఇవ్వకపోతే డబ్బు ఇంకా వాళ్ల దగ్గరే ఉందనుకోవాలి. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. రోజుకు 100 రూపాయల పరిహారం అన్న రిజర్వ్ బ్యాంక్ 2019 నాటి నియమం ఫెయిలైన చెల్లింపులకు వర్తించేది, ఖాతాలో కోత పడి అవతలివాళ్లకు చేరనివాటికి. సరుకు వెనక్కి పంపినందుకు రావలసిన రిఫండ్ ఆలస్యానికి దాన్ని చూపించి లాభం లేదు. ఇంకొకటి, డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. రిఫండ్ ఇస్తామని పిన్ అడిగేవాడు దొంగే.

2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐలో మనిషికి మనిషి కలెక్ట్ రిక్వెస్ట్ పంపే సౌకర్యం ఆపేశారు. బాకీ ఉన్నవాళ్లకు యాప్‌లో వసూలు రిక్వెస్ట్ పెట్టి ఊరుకునే రోజులు పోయాయి. ఇవ్వాల్సిన మొత్తాన్ని ముందే నింపిన క్యూఆర్ కోడ్‌ను గ్రూపులో పెట్టడం ఇప్పుడు తేలిక. పంపేవాళ్లు కూడా నోట్ దగ్గర ఖాళీ వదలకుండా ‘వాషింగ్ మెషిన్ రిఫండ్, చెల్లు’ అని రాయాలి. మూడేళ్ల తర్వాత పాస్‌బుక్‌లో కనబడే 5,500 దేనిదో ఎవరికీ గుర్తుండదు. బంధువులు కానివాళ్ల నుంచి పెద్ద మొత్తాలు వచ్చి, ఆదాయపు పన్ను వాళ్లు ఏమిటని అడిగినప్పుడు కూడా, అది బహుమతి కాదు, తన డబ్బే తనకు తిరిగి వచ్చిందని చెప్పడానికి ఆ రెండు ముక్కలు, పాత బిల్లు పనికొస్తాయి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తమ్ముడు వాటాదారైతే లెక్క రూపాయల్లోనే ఉండాలి. అతను పంపిన డాలర్లు ఆరోజు ఇక్కడి ఖాతాలో ఎన్ని రూపాయలయ్యాయో అదే అతను ఇచ్చింది. తన విదేశీ కార్డుతో అందరి తరఫునా కట్టి ఉంటే, రిఫండ్ వేరే రోజు రేటుకు వెళ్తుంది, ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీజు తరచుగా తిరిగి రాదు. అందరి కోసం వాడిన కార్డు కాబట్టి ఆ ఫీజు, రేటు తేడా ఉమ్మడి ఖర్చే. అతని స్టేట్‌మెంట్‌లో పడిన, తిరిగొచ్చిన డాలర్లు రెండూ చూసి కట్టాలి. చిన్న మొత్తాలను తిరిగి అక్కడికి పంపడానికి చార్జీలు దండగ. అమ్మానాన్నల మందుల పద్దులో అతని పేరున జమ రాసి, ఆ కాగితం ఫోటో అతనికి పంపితే చాలు.

ఇక పైసలు. ఖర్చు 27,900 బదులు 27,901 అయితే ముగ్గురికి పంచాక రూపాయి మిగులుతుంది. దాన్ని కార్డు పెట్టినవాళ్ల వాటాలో వేసేయండి. మిగిలిన సరుకు తాలూకు రివార్డ్ పాయింట్లు వాళ్లకే ఉన్నాయి కాబట్టి అభ్యంతరం చెప్పరు.

ఇట్లు,
ఒక అకౌంటెంట్, విజయవాడ
(పేరు ప్రచురించవద్దని మనవి)